ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: తీసినంత పోయాలి, వేడి చూసి మూయాలి

పాఠకుల ప్రశ్నల్లో ఈసారి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ గురించినవే ఎక్కువ. ఇంట్లో మార్చుకుందామనుకునేవాళ్ళవి కొన్ని, మార్చాక చిక్కుల్లో పడ్డవాళ్ళవి కొన్ని. ఆ చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే, కొలత తప్పడం. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాం.

ప్రశ్న: నా ఆటోమేటిక్ కారు లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది. మాన్యువల్లో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చే గడువే లేదు. అది ‘లైఫ్‌టైమ్’ ఆయిల్ అంటున్నారు. మార్చాలా, వదిలేయాలా?

జవాబు: మార్చండి. ఎన్నో కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు అందించే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్ళకు, ఆయిల్ మార్చమని చెబుతోంది. అవే గేర్‌బాక్సులున్న కొన్ని కార్ల మాన్యువళ్ళలో మాత్రం ఆ గడువు కనిపించదు. ఈ విషయంలో గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్ళ మాటే మాకు ప్రమాణం.

ఈ ఆయిల్ చేసే పని జారుడునివ్వడం ఒక్కటే కాదు. పంపు ఇచ్చే ఒత్తిడిని మోసుకెళ్ళి లోపలి క్లచ్‌లను బిగించేది అదే. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది అదే, వేడిని కూలర్ దాకా తీసుకెళ్ళేదీ అదే. క్లచ్ ప్లేట్లు ఎంత జారి ఎప్పుడు పట్టుకోవాలన్నది అందులో కలిపిన రసాయనాల మీద ఆధారపడి ఉంటుంది. వేడికి అవి క్షీణిస్తాయి. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ అది పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని లెక్క. అందుకే ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడిచే బండికీ, ఘాట్ రోడ్లెక్కే బండికీ, వెనక ట్రైలర్ లాగే బండికీ 50,000 కి.మీ. దగ్గరే మార్చడం మంచిది. హైవే మీద నిదానంగా తిరిగేదైతే 80,000 దాకా ఆగొచ్చు. మాన్యువల్లో అంతకంటే తక్కువ గడువుంటే మాత్రం దాన్నే పాటించండి.

ప్రశ్న: ‘అన్ని ఆటోమేటిక్‌లకూ’ అని రాసిన ఆయిల్ కొనొచ్చా?

జవాబు: ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం గేర్‌బాక్సో తేల్చుకోండి. క్లచ్ పెడల్ లేని బండి అనగానే అన్నీ ఒకటి కావు. టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్‌కి పోసేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. విడివిడి గేర్లు లేకుండా వేగం మార్చే సీవీటీలో ఉక్కు బెల్టు గానీ చైను గానీ ఉక్కు పుల్లీలను గట్టిగా పట్టుకుని తిప్పాలి. ఆ పట్టు కోసం దానికి వేరే ఆయిల్ ఉంటుంది. అందులో ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, ఆ గీతలకు మందు లేదు. డ్యూయల్ క్లచ్‌లో తడి క్లచ్ రకానికి దాని సొంత ఆయిల్, పొడి క్లచ్ రకంలో గేర్లకు మాత్రమే గేర్ ఆయిల్. ఇక ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే, గేరు మార్చే యంత్రం తగిలించినది. దానికి గేర్ ఆయిల్ వేరు, ఆ యంత్రం హైడ్రాలిక్‌ది అయితే దాని ఆయిల్ మళ్ళీ వేరు.

మామూలు ఆటోమేటిక్‌లోనూ స్పెసిఫికేషన్ అక్షరం పొల్లుపోకుండా చూడాలి. జనరల్ మోటార్స్ పాత డెక్స్‌రాన్ 3 చిక్కగా ఉంటుంది, డెక్స్‌రాన్ 6 పల్చన. డెక్స్‌రాన్ 3 అడిగిన బండిలో 6 పోయొచ్చు, 6 అడిగిన బండిలో 3 పోయకూడదు. ఫోర్డ్ మెర్కాన్ 5, మెర్కాన్ ఎల్‌వీ పేర్లలో పోలిక ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. టయోటా టైప్ టీ-4, డబ్ల్యూఎస్‌ల సంగతీ అంతే. డబ్బా ముందు భాగంలో పెద్దక్షరాలతో ఏం రాశారన్నది పక్కన పెట్టి, వెనక చిన్నక్షరాల్లో మీ మాన్యువల్ చెప్పిన పేరుందో లేదో వెతకండి. లేకపోతే ఆ డబ్బా వద్దు. రంగు చూసి పోల్చుకోవడం అసలే వద్దు. ఏటీఎఫ్‌కి ఎరుపు కలిపిన రంగే, నాణ్యతకు గుర్తు కాదు.

ప్రశ్న: మా బండి గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) లేదు. అయినా ఇంట్లో మార్చడం కుదురుతుందా? వరసగా ఏం చేయాలో చెప్పండి.

జవాబు: కుదురుతుంది, కానీ ఓపిక కావాలి. కావలసినవి: స్పెసిఫికేషన్ సరిపోయిన ఆయిల్, కొత్త డ్రెయిన్ వాషర్లు, మీ ప్లగ్‌లకు సరిగ్గా పట్టే అలెన్ కీ గానీ టార్క్స్ బిట్ గానీ చదరపు రాట్చెట్ గానీ, చేతి పంపు, గీతలున్న కొలత పాత్రలు రెండు, బండి కంప్యూటర్‌కి తగిలిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రతను చూపించే ఓబీడీ స్కానర్, టార్క్ పానా, నూగు రాలని గుడ్డ. స్కానర్ బదులు చాంబర్‌ని (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని) బయటి నుంచి చూసే లేజర్ థర్మామీటర్‌తో సరిపెట్టుకోవద్దు. అది చూపించేది రేకు వేడి, లోపలి ఆయిల్ వేడి కాదు.

బండి నాలుగు చక్రాల వైపూ సమంగా ఎత్తులో ఉండాలి. ముందు భాగమే ఎత్తి లెవెల్ చూస్తే ఆ లెవెల్ అబద్ధం. జాకీ ఎత్తడానికే. కిందకు దూరేముందు నాలుగు స్టాండ్ల మీద నిలపండి, లేదా గుంత ఉన్న చోట చేయండి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా పని ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోటు కావాలి.

ఇప్పుడు మొదటి నియమం. కింది డ్రెయిన్ ప్లగ్‌ని ముట్టుకోకముందే ఆయిల్ పోసే ప్లగ్‌ని వదులు చేసి చూడండి. అది తుప్పుపట్టి రాకపోతే పని అక్కడితో ఆపేయొచ్చు, బండి నడుస్తూనే ఉంటుంది. ఉన్న ఆయిల్ అంతా కింద వదిలేశాక పై ప్లగ్ రాలేదంటే బండి కదలదు. ఈ ఒక్కటీ ముందు చూసుకోనందుకు బండిని లాగించుకుని వెళ్ళినవాళ్ళు ఎందరో.

గేర్‌బాక్స్ గోరువెచ్చగా ఉండగా డ్రెయిన్ చేయండి. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. చాలా రకాల్లో కింది ప్లగ్ విప్పితే కొద్దిగానే కారి ఆగిపోతుంది. ఆయిల్ అయిపోయిందనుకోవద్దు, లోపల నిలువుగా ఒక చిన్న గొట్టం ఉంటుంది. లెవెల్ చూసేది దానితోనే. జపాన్ కంపెనీ ఐసిన్ గేర్‌బాక్సులు చాలావాటిలో ఆ గొట్టాన్ని అలెన్ కీతో విప్పి తీస్తే అసలు ఆయిల్ దిగుతుంది. ధార తెగి చుక్కలయ్యేదాకా అరగంటైనా వదిలేయండి. వచ్చినదాన్ని కొలత పాత్రలో పోసి అంకె రాసుకోండి. 3 లీటర్ల 200 మిల్లీలీటర్లు వస్తే సరిగ్గా అంతే కొత్తది, అదే వేడి దగ్గర కొలిచి, పై రంధ్రం నుంచి పంపుతో ఎక్కించండి. ఎక్కించేముందే గొట్టం తిరిగి బిగించి, కింది ప్లగ్ మూయడం మరవకండి. గొట్టం లేకపోతే చివర్లో లెవెల్ చూసేటప్పుడు పోసిందంతా కిందకొస్తుంది.

ఇక అసలు కొలత. కింది ప్లగ్ మూసి ఉండగా, బ్రేక్ తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఈ సమయంలో బండి కింద ఎవరూ ఉండకూడదు. ప్రతి గేరులో మూడు నాలుగు సెకన్లు ఆగుతూ పీ నుంచి చివరిదాకా, మళ్ళీ పీ దాకా రండి. హ్యాండ్ బ్రేక్ వేయండి. స్కానర్‌లో ఆయిల్ వేడి మెల్లగా ఎక్కుతుంటుంది. ఎంత దగ్గర లెవెల్ చూడాలో మాన్యువల్ చెబుతుంది, చాలావాటిలో 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దులోకి రాగానే, ఇంజన్ నడుస్తుండగానే కింది ప్లగ్ విప్పండి.

ముందు పెన్సిల్ లావు ధార వస్తుంది. అది సన్నబడి దారమంత అవుతుంది. తర్వాత దారం తెగి, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఎడం కనిపిస్తుంది. సరైన లెవెల్ అదే. కొత్త వాషర్‌తో అప్పుడే మూసేయండి. విప్పగానే ఏమీ రాకపోతే ఆయిల్ తక్కువుంది. పై నుంచి అర లీటరు పోసి, కింద ధార మొదలై చుక్కలయ్యేదాకా చూడండి.

వేడి దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే, 7 లీటర్ల ఆయిల్ 20 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 300 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. 70 డిగ్రీల దగ్గర లెవెల్ చూస్తే ఉబ్బిన ఆయిల్ బయటికి పోయి, చల్లారాక లోపల తక్కువవుతుంది. 20 దగ్గర చూస్తే రావలసినది రాక, వేడెక్కాక ఎక్కువవుతుంది. పని మధ్యలో వేడి 50 దాటిపోతే హడావుడిగా ముగించొద్దు. ఇంజన్ ఆపి, 30 లోపుకి చల్లారనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పాత బండికి డిప్‌స్టిక్ ఉంది. చూసిన ప్రతిసారీ వేరే లెవెల్ చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: పోసిన వెంటనే చూస్తే గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకు పూసుకుని తప్పు చూపిస్తుంది. 15 కి.మీ. నడిపి, సమతలం మీద నిలిపి, గేర్లన్నీ ఒకసారి తిప్పి పీలో పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో నడుస్తుండగా చూడండి. పుల్లకు రెండు పక్కలా చూసి, తక్కువ కనిపించిన వైపే లెక్కలోకి తీసుకోండి. దీనికి మినహాయింపు హోండా. ఆ కంపెనీ డిప్‌స్టిక్ ఉన్న ఆటోమేటిక్‌లు చాలావాటిలో వేడెక్కిన ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. కింది గీతకూ పై గీతకూ మధ్య పట్టేది చాలా బండ్లలో అర లీటరు లోపే, కాబట్టి తక్కువుందని ఒకేసారి లీటరు డబ్బా వంచేయకండి. 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి.

ప్రశ్న: గేర్‌బాక్స్ మొత్తం 7 లీటర్లు అని ఉంది. డ్రెయిన్ చేస్తే 3 లీటర్లే వచ్చింది. ఏమన్నా తప్పు చేశానా?

జవాబు: తప్పేమీ లేదు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని క్లచ్‌లకు మళ్ళించే సన్నని దారుల దిమ్మలో) ఉండిపోతుంది. 7 లీటర్లు చదివి 7 పోశారంటే మాత్రం ముప్పే.

ఒకసారి మారిస్తే 43 శాతం కొత్తదవుతుంది. మళ్ళీ 3 లీటర్లు తీసి పోస్తే 67, మూడోసారి 81, నాలుగోసారి 89 శాతం. మూడోసారి దాకా లాభం కనిపిస్తుంది, నాలుగోసారి పోసే 3 లీటర్లకు దక్కేది 8 శాతమే. అందుకే మూడుతో ఆపమంటాం. ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ మధ్య అన్ని గేర్లూ పడేలా కనీసం 20 కి.మీ. నడపాలి, లేకపోతే పాతదీ కొత్తదీ కలవవు. క్రమం తప్పకుండా మార్చుకుంటున్న బండికైతే గడువుకు ఒకసారి చాలు. కూలర్ గొట్టం విప్పి, ఇంజన్ నడుపుతూ పాత ఆయిల్ బయటికి తోయించే పద్ధతి ఒకటుంది. అందులో ఒక్క నిమిషం ఏమరినా పంపు ఎండిపోతుంది. తోడు మనిషి లేకుండా, అలవాటు లేకుండా దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: చాంబర్ విప్పాను. అయస్కాంతం మీద బూడిద రంగు మడ్డి మందంగా పేరుకుంది. గేర్‌బాక్స్ పాడవుతున్నట్టేనా?

జవాబు: ఆ మడ్డిని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా జారిపోతే మామూలు అరుగుదలే. అయస్కాంతం పెట్టింది దాన్ని పట్టడానికే. గుడ్డతో శుభ్రంగా తుడిచి తిరిగి అదే చోట పెట్టండి. వేళ్ళకు గరుగ్గా తగిలినా, గోరుతో ఎత్తగలిగే ఉక్కు ముక్కలు కనిపించినా గేరు పళ్ళో బేరింగో పోతున్నట్టు. అయస్కాంతానికి అంటకుండా చాంబర్ అడుగున పసుపు పచ్చగా మెరిసేవి బుష్ నలుసులు. నల్లగా, నలిపితే చిరిగే పొరలు క్లచ్ ప్లేట్లవి.

ఆయిల్‌నీ చూడండి. ముదురు గోధుమ రంగు వయసుకు వచ్చేదే. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలాయి. పాలల్లో కుంకుమ కలిపినట్టు గులాబీగా, చిక్కగా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. అప్పుడు బండి అస్సలు నడపకండి. క్లచ్ ప్లేట్ల మీది కాగితపు పొరనీ, దాన్ని అంటించిన జిగురునీ ఆ నీళ్ళు విడగొడతాయి. ఆయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు. కూలర్ మార్చాలి, గేర్‌బాక్స్ విప్పి చూపించాలి.

చాంబర్ ఎలాగూ విప్పారు కాబట్టి ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్ మెడకున్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఒక్కోసారి ఊడి పై రంధ్రంలోనే ఉండిపోతుంది. టార్చి వేసి చూసి తీసేయండి. ఒకదాని మీద ఇంకొకటి పడితే ఫిల్టర్ పూర్తిగా లోపలికి దిగదు, పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. కొత్త ఓ-రింగ్‌కి ఏటీఎఫ్ రాసి ఎక్కించండి, గ్రీజు వద్దు. రబ్బరు గ్యాస్కెట్ ఇచ్చిన చోట దాని మీద సిలికాన్ పూయకండి. లోపలికి పిండుకున్న సిలికాన్ ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. జెడ్‌ఎఫ్ 6, 8 గేర్ల రకాల్లో ప్లాస్టిక్ చాంబర్, ఫిల్టర్ ఒకటే వస్తువు, మొత్తంగా మార్చాలి.

చాంబర్ బోల్టులు చిన్నవి, చాలావాటికి 10 న్యూటన్ మీటర్ల చుట్టూ చాలు. 20 సెంటీమీటర్ల పానా చివర 5 కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. బలమంతా పెడితే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది, లేదా రేకు వంగి అక్కడే కారుతుంది.

ప్రశ్న: ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి డీ వేస్తే బండి రెండు సెకన్లు ఆగి కదులుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ బండి లాగదు.

జవాబు: ఆయిల్ తక్కువైన లక్షణాలివి. నడపడం ఆపి, ముందు లెవెల్ చూడండి. ఎత్తులో, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు చేరి పంపు గాలి పీలుస్తుంది. కింద నుంచి సన్నని ఈల లాంటి చప్పుడు వస్తే అదే. లెవెల్ సరిగ్గా ఉండి, ఫిల్టర్ మార్చి ఉంటే పైన చెప్పిన ఓ-రింగ్ సంగతి చూడండి.

ఎక్కువ పోసినా దాదాపు ఇవే లక్షణాలు, అక్కడే పొరబడతారు. లెవెల్ పైకొస్తే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి అణుగుతుంది కాబట్టి ఒత్తిడి నిలవదు, క్లచ్ జారుతుంది. గేర్‌బాక్స్ పైన గాలి వదిలే బ్రీదర్ గొట్టం చుట్టూ తడి కనిపిస్తే ఎక్కువైనట్టు. ఇంకో లీటరు పోస్తే పోతుందేమో అని అందాజాగా పోసేముందు ఇది చూసుకోండి.

లెవెల్ సరిపోయి, గేర్లు పడేటప్పుడు చిన్న కుదుపులు మాత్రమే ఉంటే కంగారుపడక్కర్లేదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ పాత ఆయిల్‌కి అలవాటుపడిన ఒత్తిళ్ళతోనే పని చేస్తుంటుంది. స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేసి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ కొంత దూరం నడిపితే సర్దుకుంటుంది.

ప్రశ్న: 1,80,000 కి.మీ. తిరిగింది, ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని భయపెడుతున్నారు.

జవాబు: ఆ భయం వెనక కొంత నిజముంది. చాలామంది గేరు జారడం మొదలయ్యాకే ఆయిల్ గుర్తు చేసుకుంటారు. అప్పటికే అరిగిన క్లచ్ ఆ తర్వాత ఎలాగూ పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. ఒత్తిడితో కడిగే మెషిన్ ఫ్లష్ ఇంత పాత బండికి మేం చెప్పం. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలోని సన్నని దారులకు, కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్లకు అడ్డం పడొచ్చు.

గేర్లు ఇప్పటికీ సాఫీగా పడుతుంటే, ఆయిల్‌లో మాడు వాసన లేకపోతే, చాంబర్ విప్పి ఫిల్టర్ మార్చి ఒకసారి తీసి పోయండి. 2,000 కి.మీ. తర్వాత రెండోసారి, మరో 2,000కి మూడోసారి. ఇప్పటికే జారుతుంటే ఆయిల్‌కి ఖర్చు పెట్టే ముందు గేర్‌బాక్స్ పనివాళ్ళకు చూపించండి. క్లచ్ ప్లేటుకు ఊడిపోయిన పొరను ఏ ఆయిలూ తిరిగి అంటించదు.

ప్రశ్న: ఇంజన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్స్ ప్లగ్ విప్పేశాను. ఆయిల్ ఎర్రగా రావడంతో అనుమానం వచ్చి ఆగాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆగడం మంచి పని. ఇలా పొరబడినవాళ్ళు అది గమనించక ఇంజన్‌లో 4 లీటర్లు అదనంగా పోస్తారు. అప్పుడు గేర్‌బాక్స్ ఎండి, ఇంజన్ నిండి, రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. వచ్చిన ఆయిల్ ఎంతో కొలవండి. శుభ్రమైన పాత్రలో పట్టి ఉన్నా దాన్నే తిరిగి పోయొద్దు, అంతే కొలతలో సరైన కొత్త ఏటీఎఫ్ పోసి, పైన చెప్పినట్టు వేడి చూసి లెవెల్ సరిచేయండి. ఇక మీదట ఏ ప్లగ్ విప్పినా, దాని పైన ఉన్నది ఏ భాగమో చూసి విప్పండి. ముందు చక్రాలతో నడిచే బండిలో ఇంజన్ ఆయిల్ ఫిల్టర్ ఉన్న వైపు ఇంజన్ చాంబర్, రెండు ముందు చక్రాలకూ ఇరుసులు బయలుదేరే వైపు గేర్‌బాక్స్.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

జవాబు: కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే పోసి మూత బిగించి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. కాలవలో, మట్టిలో పోయొద్దు. కూలెంట్, బ్రేక్ క్లీనర్ లాంటివి అందులో కలిపితే దాన్ని రీసైక్లింగ్‌కి తీసుకోరు, కాబట్టి విడిగా ఉంచండి. డబ్బా మీద తారీఖు, కిలోమీటర్లు, వచ్చిన కొలత రాసి, ఇచ్చేముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చేసారి ఎంత పోయాలో ఆ ఫొటో చూస్తే చాలు.